టోర్టియాలకు మొక్కజొన్నను సున్నంతో ఉడికించడం ఎలా?

టోర్టియాలంటే మెక్సికో వాళ్ల మొక్కజొన్న రొట్టెలు. వాటికి కిలో ఎండు మొక్కజొన్న, మూడు లీటర్ల నీళ్లు, 10 గ్రాముల సున్నం ఉంటే చాలు. తెల్ల గింజ తీసుకోండి. స్వీట్‌కార్న్, పాప్‌కార్న్ పనికిరావు. సున్నం అంటే ఆహారానికి వాడే కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి. గోడలకు వేసేది వద్దు, నీళ్లు పోయగానే పొగలు కక్కేది అసలే వద్దు. గిన్నె స్టీలుదే తీసుకోండి, సున్నపు నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి.

నీళ్లలో సున్నం కలిపి, కడిగిన గింజలు వేసి సన్నని మంట మీద పెట్టండి. గింజలు పసుపుగా మారితే కంగారు పడకండి, సున్నం తగిలితే పొట్టు అలాగే రంగు తిరుగుతుంది.

ఎప్పుడు దించాలన్న దగ్గరే దాదాపు అందరూ చెడగొడతారు. దయచేసి గడియారం చూసి దించకండి. కొత్త గింజ అరగంట లోపే అయిపోవచ్చు, పాతది ముప్పావుగంట పట్టవచ్చు. ఇరవై నిమిషాలు దాటాక ఐదేసి నిమిషాలకు ఒక గింజ తీసి, చల్లటి నీళ్లలో ముంచి, వేళ్ల మధ్య రుద్దండి. పొట్టు జారి ఊడిరావాలి. తర్వాత గింజను కొరికి చూడండి. అంచు మెత్తబడి, నడుమ ఇంకా సుద్దలా తెల్లగా, గట్టిగా ఉండాలి. ఆ క్షణమే స్టవ్ ఆపేయండి.

"ఇంకొంచెం మెత్తబడనీ" అనుకున్నారా, పోయినట్టే. పిండి జిగురై చేతులకు అంటుకుంటుంది, దాన్ని మళ్లీ దారికి తేలేరు. ప్రెషర్ కుక్కర్ నేను ఒప్పుకోనిది ఇందుకే. మధ్యలో మూత తీసి గింజ కొరికి చూసే వీలు ఎక్కడుంది?

మూతపెట్టి ఆ నీళ్లలోనే రాత్రంతా వదిలేయండి. మిగతా పని నానడంలోనే అవుతుంది. ఇలా నానిన గింజలనే మెక్సికోలో నిక్స్‌తమాల్ అంటారు. అక్కడి ఆదివాసుల నావాత్ల్ భాషలో బూడిద, పిండిముద్ద అనే రెండు మాటలు కలిసి వచ్చిన పేరు.

సున్నం మానేసి ఉత్త నీళ్లలో ఉడికించేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా, చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. దాన్ని విడదీసేది సున్నమే. మొక్కజొన్న సముద్రం దాటి యూరప్ చేరింది కానీ ఈ పద్ధతి వెంట వెళ్లలేదు. మొక్కజొన్నే ముఖ్యమైన తిండి అయిన పేదలను పెల్లాగ్రా పట్టుకుంది. చర్మం పగిలేది, విరేచనాలు పట్టుకునేవి, మతి తప్పేది. స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లోనే ఈ జబ్బును గుర్తించాడు. నియాసిన్ లోపమే దీనికి కారణమని తేలడానికి 1937 దాకా పట్టింది.

పొద్దున నీళ్లు వంచేసి, రెండు మూడుసార్లు కడగండి. పొట్టు మొత్తం రుద్ది తీసేయకండి, పిండి విరగకుండా పట్టి ఉంచేది అందులోని జిగురే. గింజలు తడిగా ఉండగానే రాతి మీద రుబ్బండి. మెక్సికోలో ఆ రాయిని మెతాతె అంటారు. మిక్సీకి నీళ్లు ఎక్కువ పోయాలి, ముద్ద పలచబడిపోతుంది. రుబ్బిన పిండితో ఆ రోజే టోర్టియాలు కాల్చేయండి.