కెన్సెట్ 'లేక్ జార్జ్' చూసి నిశ్చలమైన నీళ్లు వేయడం

అమెరికన్ చిత్రకారుడు జాన్ ఫ్రెడరిక్ కెన్సెట్ 1869లో వేసిన సరస్సు చిత్రం 'లేక్ జార్జ్' న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో నీళ్లు అద్దంలా కనిపించడానికి కారణం అలలు కావు, వెలుగునీడల మోతాదు. మోతాదు కుదిరితే వివరం సగం లేకపోయినా పరవాలేదు.

అసలు కాన్వాస్ 112 × 168.6 సెం.మీ. సాధనకు 40 × 60 చాలు, నిష్పత్తి దాదాపు అదే. టైటానియం వైట్ (తెలుపు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం): ఈ నాలుగు ఆయిల్ రంగులే తీసుకోండి. ట్యూబులో దొరికే ఆకుపచ్చ జోలికి పోవద్దు, ఈ బొమ్మలో అది అరుస్తుంది. ఓకర్‌లో కాస్త బ్లూ కలిపితే కావలసిన మాసిన పచ్చ వస్తుంది.

అంబర్‌ను టర్పెంటైన్‌తో (ఆయిల్ రంగును పల్చన చేసే ద్రవం) పల్చగా కలిపి కాన్వాసంతా పూసి ఆరనివ్వండి. గదిలో గాలి ఆడాలి. తర్వాత ఆకాశం, ఆపైన కొండలు, దూరంనుంచి దగ్గరికి. దూరపు కొండలో తెలుపూ నీలమూ ఎక్కువ, దగ్గరి బండలో అంబర్ ఎక్కువ. ఒడ్డు గీత కచ్చితంగా అడ్డంగా ఉండాలి, స్కేలు పెట్టి చూసుకోండి. అది కాస్త వాలినా సరస్సు ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

ఎక్కువమంది తప్పేది ప్రతిబింబంలోనే. బొమ్మను తలకిందులుగా దించేస్తారు. నీళ్లను ఆనుకున్న బండకు ఆ లెక్క సరిపోతుంది, వెనకనున్న కొండకు సరిపోదు. నీళ్లలో కనిపించేది కొండను నీటిమట్టం కిందనుంచి చూసినట్టుండే రూపం. అందుకే ముందున్న ఒడ్డు దాన్ని ఇంకొంచెం కప్పేస్తుంది, ప్రతిబింబం కొండకన్నా పొట్టిగా పడుతుంది. రంగులోనూ తేడా ఉంది: ముదురు బండ ప్రతిబింబం నీళ్లలో ఒక మెట్టు తేలికగా, వెలుగు ఆకాశం ఒక మెట్టు ముదురుగా వేయాలి.

రంగు పచ్చిగా ఉండగానే కలిపేస్తే బురదవుతుంది. వేలికి జిగటగా తగిలేదాకా ఆగండి. పొడి మెత్తటి ఫ్లాట్ బ్రష్‌తో ముందు పైనుంచి కిందికి, తర్వాత ఒకేఒక్కసారి అడ్డంగా, ఆనీ ఆననట్టు లాగండి. ప్రతి లాగుకూ బ్రష్ గుడ్డకు తుడవాలి, విసుగు పుట్టినా సరే. అవతలి ఒడ్డు కింద సన్నటి లేత గీత ఒకటి పెడితే నీళ్లు చదునుగా పరుచుకుంటాయి. రెండోది పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

పై పొరల్లో అవిసె నూనె చుక్కలు కొద్దిగా పెంచుకుంటూ పోవాలి. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే పై పొర ముందే ఆరి పగుళ్లిస్తుంది. బొమ్మను కాపాడే పైపూత వార్నిష్‌కు కనీసం 6 నెలలు ఆగండి.