చేతులు అలిసినా చదువు ఆగకుండా: బైబిలుకూ అభిమాన కథలకూ సొంత రాతకూ ఫోన్ అమరిక

చేతుల్లో పట్టు తక్కువైనవారికి, చూపు మందగించినవారికి, రోజులో కొద్ది గంటలే ఓపిక నిలిచేవారికి ఫోన్ పెద్ద ఆసరా. సరిగా అమర్చుకోకపోతే ఆ కొద్ది ఓపికనూ అదే తినేస్తుంది. బటన్లు వెతకడంలోనే అలిసిపోతే బైబిలు వాక్యం చదువుకోవడానికి ఓపికేమీ మిగలదు. అందుకే కష్టమంతా ఒక్కసారే, ఒంట్లో బాగున్న రోజు, పక్కన మనిషి ఉన్నప్పుడు పడండి. ఆ తర్వాత ఏ రోజైనా పుస్తకం తెరవడానికి రెండు మూడు ట్యాపులకు మించి పట్టకూడదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీకు కావాల్సింది స్క్రీన్ రీడరా, చదివి వినిపించే సదుపాయమా? చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు తెర చూడలేనివారి కోసం చేసినవి. వాటిని ఆన్ చేస్తే ఫోన్ వాడే తీరే మారిపోతుంది: ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. చూపు బాగానే ఉండి చేతులే సహకరించనివారికి ఇది అదనపు శ్రమ. వాళ్లకు ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్, ఐఫోన్‌లో స్పీక్ స్క్రీన్ చాలు. రెండూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటాయి. స్పీక్ స్క్రీన్ ఆన్ చేశాక తెర పైఅంచు నుంచి రెండు వేళ్లు కిందికి జరిపితే ఆ పేజీ చదవడం మొదలవుతుంది.

తెర చూడలేనివారు మొదట నేర్చుకోవాల్సింది ఆపకుండా చదివించే పద్ధతి. వాయిస్‌ఓవర్‌లో రెండు వేళ్లు కిందికి జరిపితే ఉన్నచోటు నుంచి చదువుతూ పోతుంది, రెండు వేళ్లతో ఒకసారి తడితే ఆగుతుంది. టాక్‌బ్యాక్‌లో ఒక వేలు కిందికి జరిపి, ఎత్తకుండా కుడికి తిప్పితే మెనూ వస్తుంది. అందులో చదవడానికి సంబంధించిన ఎంపిక తీసుకోవాలి. విండోస్ కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంటే ఇన్‌సర్ట్ కీ, కింది బాణం కలిపి నొక్కాలి.

ఇక గొంతు. ఆండ్రాయిడ్‌లో టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌కు వెళ్లి గూగుల్ ఇంజిన్ ఎంచుకుని, భాష తెలుగు పెట్టి, వాయిస్ డేటా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. డౌన్‌లోడ్ చేయకపోతే నెట్ లేనప్పుడు చదువు మధ్యలో ఆగిపోవచ్చు. వేగం మామూలు స్థాయిలో మొదలుపెట్టి, చెవి అలవాటు పడ్డాక కొద్దికొద్దిగా పెంచండి. తెలుగు మాటలు పొడవు. వేగం ఎక్కువైతే విభక్తి ప్రత్యయాలు మింగేసినట్టయి, ఎవరు ఎవరితో అన్నారో తెలియకుండా పోతుంది. కథలకు కొంచెం వేగం పెంచుకోవచ్చు గానీ బైబిలులోని కీర్తనలకూ పత్రికలకూ (అపొస్తలుల లేఖలకూ) తగ్గించి వినడమే మంచిది. ఎన్‌వీడీఏలో మొదటి నుంచీ ఉండే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. కాస్త యంత్రంలా ఉంటుంది, అయినా ఒక్కో అక్షరం సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

వినేటప్పుడు తెర ఆరిపోగానే చదువు ఆగిపోతుంటే, ఫోన్ బ్యాటరీ పొదుపు కోసం యాప్‌ను మూసేస్తోందని అర్థం. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఆ యాప్ పేజీలో బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి.

పుస్తకం ఏ రూపంలో ఉండాలి

ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైలు రూపం దొరికితే పీడీఎఫ్ జోలికి వెళ్లకండి. ఈపబ్‌లో అక్షరం ఎంత పెంచినా వరుసలు తెరకు సర్దుకుంటాయి. పీడీఎఫ్‌లో పేజీని అటూ ఇటూ లాగుతూ ఉండాలి, నొప్పి ఉన్న మణికట్టుకు అది శిక్ష. పైగా తెలుగు పీడీఎఫ్‌లకు ఇంకో చిక్కుంది. పాత డీటీపీ ఫాంట్లతో కూర్చిన పుస్తకాల్లో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేది యూనికోడ్ (ఏ ఫోనైనా తెలుగుగా గుర్తించే అక్షర సంకేతాలు) కాదు. గొంతు వాటిని చదవబోతే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వినిపిస్తాయి. పరీక్ష సులువు: ఒక వాక్యం కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే వస్తే సరే. గుర్తులు వస్తే ఓసీఆర్, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే పని, చేయాల్సిందే.

ఓసీఆర్‌కు గూగుల్ డ్రైవ్ చాలు. పేజీని చదునుగా పరిచి 300 డీపీఐలో స్కాన్ చేసి, డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవాలి. ఫైలు 2 ఎంబీ లోపు ఉంటే మంచిది, కాబట్టి పుస్తకాన్ని ముక్కలుగా చేయండి. పేజీ తలకిందులుగానో పక్కకో ఉంటే ఫలితం చెడిపోతుంది. వచ్చిన పాఠంలో ముందుగా చూడాల్సినవి: ధ-థ, వ-ప లాంటి పోలిక ఉన్న అక్షరాలు, ఊడిపోయిన ఒత్తులు, వరుస చివర విరిగి రెండు ముక్కలైన మాటలు. బైబిలు వ్యాఖ్యానాలైతే చిన్న అంకెల్లో ఉన్న వచన సంఖ్యలు పక్క మాటకు అతుక్కుపోతాయి. అలా చేసుకున్న ప్రతి మీ చదువుకే. గ్రూపుల్లో పంచితే రాసినవారికి అన్యాయం.

ఇదంతా చేసుకునే ముందు, చదవగలిగే రూపంలో పుస్తకాలిచ్చే బుక్‌షేర్ లాంటి గ్రంథాలయాల్లో వెతకండి. అవి అంధులకే అనుకుని చాలామంది దూరంగా ఉండిపోతారు. 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందం, శారీరక వైకల్యం వల్ల పుస్తకం పట్టుకోలేనివారినీ పేజీ తిప్పలేనివారినీ లబ్ధిదారులుగా లెక్కిస్తుంది. బుక్‌షేర్ నియమాలూ అంతే. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

వాక్య పఠనం

ఏడాదిలో బైబిలంతా చదివే పట్టికలు ఆరోగ్యవంతుల కోసం వేసినవి. 66 పుస్తకాల బైబిలులో 1189 అధ్యాయాలున్నాయి, అంటే రోజుకు మూడుకు పైనే. నాలుగు రోజులు మంచాన పడితే పదమూడు అధ్యాయాల బాకీ పేరుకుంటుంది. ఆ బాకీ చూసే చాలామంది మానేస్తారు. మారుగా క్రొత్త నిబంధన తీసుకోండి. 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు, రోజుకొకటి. సరిగ్గా 52 వారాలు. ప్రతి వారం రెండు రోజులు ఖాళీ ఉంటాయి, జబ్బు చేసిన రోజులు వాటిలో సర్దుకుంటాయి. 119వ కీర్తన లాంటివి ఒక్క రోజున పెట్టుకోవద్దు. దాని 176 వచనాలు ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగా ఉన్నాయి, భాగానికొక రోజు ఇవ్వొచ్చు.

సువార్తలకూ రాజుల గ్రంథాలకూ మనిషి గొంతుతో రికార్డు చేసిన ఆడియో బైబిలు బాగుంటుంది. రోమా పత్రిక లాంటిదానికి మాత్రం ఫోన్ గొంతే నయం, ఎందుకంటే వచనం వచనంగా వెనక్కి వెళ్లి మళ్లీ వినొచ్చు. ఆ సమయానికి డూ నాట్ డిస్టర్బ్ తనంతట తానే ఆన్ అయ్యేలా షెడ్యూల్ పెట్టండి. అత్యవసరానికి పిలిచే ఇద్దరు ముగ్గురి నంబర్లకు మినహాయింపు ఇవ్వడం మరవకండి.

నోట్స్ ఫైళ్ల పేర్ల ముందు పుస్తకం వరుస సంఖ్య వేయండి: 19-కీర్తనలు, 40-మత్తయి, 45-రోమా. లేకపోతే అక్షర క్రమంలో అన్నీ కలగాపులగం అవుతాయి. సంఖ్య ఉంటే బైబిలు వరుసలోనే కనిపిస్తాయి, వేలితో ఎక్కువ జరపక్కర్లేదు.

అభిమాన కథలు

ఇష్టమైన కల్పిత లోకం గురించి అభిమానులు రాసుకునే కథలకు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వెబ్‌సైట్ అంత అనువైన చోటు తక్కువ. ప్రతి కథకూ డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది, ఈపబ్ ఎంచుకుంటే బైబిలూ వ్యాఖ్యానాలూ చదివే యాప్‌లోనే అదీ తెరుచుకుంటుంది. ఒకే యాప్, ఒకే గొంతు, ఒకే సైగలు. ఇది చిన్న సౌకర్యం కాదు. ఎవరైనా చదివి రికార్డు చేసిన కథలు కావాలంటే పాడ్‌ఫిక్ అనే ట్యాగ్ వెతకండి.

మనస్సాక్షికి సరిపడని కథలు తగులుతాయన్న భయంతో ఈ సరదానే వదులుకునే విశ్వాసులున్నారు. వదులుకోనక్కర్లేదు, వడపోత ముందే పెట్టుకోవాలి. కథల జాబితా పక్కన సార్ట్ అండ్ ఫిల్టర్ ఉంటుంది. అందులో ఎక్స్‌క్లూడ్ భాగానికి వెళ్లి రేటింగ్స్‌లో మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్, నాట్ రేటెడ్ మూడింటినీ టిక్ చేయండి. నాట్ రేటెడ్‌ను వదిలేస్తే అందులో ఏదైనా ఉండొచ్చు. కింద హెచ్చరికల్లో మీరు చదవలేనివి కూడా టిక్ చేయండి. వడపోత అయ్యాక వచ్చిన పేజీని బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసి హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి. ఆ చిరునామాలోనే వడపోత అంతా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ టిక్కులు పెట్టే శ్రమ తప్పుతుంది. రేటింగ్ ఇచ్చేది రాసినవారే, అందుకే ట్యాగులు కూడా విని తెరవడం మంచిది.

మీరు బొమ్మలు పంచుకుంటే ఆల్ట్ టెక్స్ట్ (స్క్రీన్ రీడర్ చదివే బొమ్మ వివరణ) రాయండి: ఎవరు, ఏం చేస్తున్నారు, బొమ్మలో అక్షరాలుంటే అవేమిటి. రెండు వాక్యాలు చాలు. ఒకే ఎమోజీ పదిసార్లు పెడితే స్క్రీన్ రీడర్ వాడేవారు దాని పేరు పదే పదే వినాల్సి వస్తుంది.

నోటితో రాయడం

వాయిస్ టైపింగ్‌ను కామెంట్ పెట్టెలో ఎప్పుడూ చేయకండి, పేజీ రిఫ్రెష్ అయితే అంతా పోతుంది. గూగుల్ డాక్స్‌లో చెప్పండి, వెంటవెంటనే సేవ్ అవుతుంది, పాత ప్రతులూ దొరుకుతాయి. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కి భాష తెలుగు ఎంచుకోవాలి. ఫోన్‌లో అయితే జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డ్‌లోని మైకు వాడాలి. మైకును నోటికి జానెడు లోపు దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకు పెట్టండి. టాక్‌బ్యాక్ వాడేవారికి ఇయర్‌ఫోన్ తప్పనిసరి. లేకపోతే టాక్‌బ్యాక్ చెప్పేది కూడా మైకు వినేసి మీ రాతలో కలిపేస్తుంది.

వాక్యం మొత్తం మనసులో అనుకున్నాక ఒక్క ఊపిరిలో చెప్పండి. మధ్యలో ఎక్కువసేపు ఆగితే మైకు ఆగిపోతుంది. చెబుతూ చెబుతూ దిద్దవద్దు. అంతా అయ్యాక, వీలైతే మర్నాడు, గొంతుతో చదివించుకుని వింటూ దిద్దండి. మాట మారిపోయినచోట చెవి వెంటనే పట్టేస్తుంది. శ-ష-స, న-ణ, ల-ళ తప్పులను మాత్రం చెవి అంతగా పట్టదు. మీకు తరచూ తప్పుగా వచ్చే మాటల జాబితా ఒకటి ఉంచుకుని, కంట్రోల్, హెచ్‌తో వెతికి మార్చండి.

హబక్కూకు, మెల్కీసెదెకు లాంటి పేర్లను వాయిస్ టైపింగ్ సరిగా పట్టుకోదు. మీ కథల్లోని పాత్రల పేర్లూ అంతే. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, తెలుగు తెరిచి, పూర్తి పేరు రాసి పక్కన రెండక్షరాల షార్ట్‌కట్ ఇవ్వండి. ఐఫోన్‌లో అదే పనికి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ ఉంది. నోటితో చెప్పేటప్పుడు ఆ పేర్ల దగ్గర సులువుగా పలికే మారుమాట ఏదైనా చెప్పి, చివర్లో ఒకేసారి మార్చేయడం ఇంకా తేలిక.

వచనాలను మాత్రం నోటితో చెప్పి రాయించకండి. చేసెను, యుండెను వంటి రూపాలను యంత్రం నేటి వాడుకలోకి మార్చేస్తుంది, వాక్యం వాక్యంగా నిలవదు. బైబిలు యాప్ నుంచి కాపీ చేసి, అనువాదం పేరూ అధ్యాయం, వచనం సంఖ్యలూ జత చేయండి.

చేయి వణికేవారు విండోస్ కంప్యూటర్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ చేసుకోవచ్చు: కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు. పొరపాటున రెండోసారి తగిలిన కీని అది లెక్కచేయదు. రెండు కీలు కలిపి నొక్కలేనివారికి స్టిక్కీ కీస్, షిఫ్ట్ ఐదుసార్లు.

అమరిక పూర్తయిన రోజే ఒక కాగితం మీద నాలుగు సంగతులు పెద్ద అక్షరాలతో రాయించి మంచం దగ్గర అతికించండి: ఏ గొంతు, ఏ వేగం, ఏ యాప్‌కు బ్యాటరీ మినహాయింపు ఇచ్చారు, టాక్‌బ్యాక్ అనుకోకుండా ఆన్ అయితే రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు నొక్కి ఆపాలన్నది. ఆ షార్ట్‌కట్ పనిచేయాలంటే టాక్‌బ్యాక్ సెట్టింగ్‌లో ముందే ఆన్ చేసి ఉంచాలి. సిస్టమ్ అప్‌డేట్ తర్వాత గొంతు మారిపోతే, సాయానికి వచ్చినవారు మిమ్మల్ని అడగకుండానే ఆ కాగితం చూసి సరిచేస్తారు.