ఏసీ కొనే ముందు డాబా ఎక్కి చూడండి: ఇంట్లో వేడి, ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

ఏప్రిల్‌లో రాత్రి పదింటికి పడుకుని ఫ్యాను ఐదులో పెడితే పైనుంచి సెగ కొడుతుంది చూడండి, ఆ తప్పు ఫ్యానుది కాదు, స్లాబుది. కాంక్రీటు పగలంతా ఎండని పీల్చుకుని, పొద్దు గూకాక మెల్లగా కిందికి వదులుతుంది, అర్ధరాత్రి దాకా. ఖమ్మంలో మా ఒక అంతస్తు డాబాలో నాలుగు వేసవులు ఇలాగే ఉడికాక, అందరిలాగే మేమూ ఏసీ కొన్నాం, బిల్లు చూసి టెన్షన్ పడ్డాం, డాబా సంగతి ఆ తర్వాత గాని గుర్తుకు రాలేదు. మీరు ఈ వరస తిరగేయండి. ముందు ఎండని ఆపండి, తర్వాత కరెంటు వాడకం తగ్గించండి, సోలార్ చివర్లో. డబ్బు తక్కువ పట్టే పనులన్నీ ముందే అయిపోతాయి కాబట్టి చివరి పని కూడా చిన్నదవుతుంది.

1. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోండి

ఫిబ్రవరి యూనిట్లకీ మే యూనిట్లకీ ఎంత తేడా ఉందో రాసుకోండి. ఆ తేడాలో ఎక్కువ భాగం మీరు ఎండకి కడుతున్న జరిమానా. తెలంగాణలో గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకి ఈ లెక్క ఇంకా ముఖ్యం, ఎందుకంటే 200 యూనిట్ల లోపు ఉంటే బిల్లు సున్నా, 201 అయితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. 230 దగ్గర ఆగుతున్న ఇంటికి ఆ 30 యూనిట్లు తగ్గించుకోవడమే పెద్ద లాభం.

2. డాబాకి సున్నం కొట్టండి

అన్నిటికంటే చవకైనదీ, మాకు బాగా పనిచేసిందీ ఇదే. తెల్లటి పైకప్పు ఎండని వెనక్కి కొడుతుంది, స్లాబు అంతగా వేడెక్కదు, రాత్రి వదలడానికి దాని దగ్గర వేడి తక్కువే ఉంటుంది. ఇదేమీ కొత్త చిట్కా కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ప్రత్యేకంగా ఒకటి తెచ్చి, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకి దీన్ని తప్పనిసరి చేసింది, చిన్న ఇళ్లకి మన ఇష్టానికి వదిలేసింది. చిత్రమేమిటంటే వేడి ఎక్కువ తినేది ఆ చిన్న ఇళ్లే.

ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టండి. డాబా మీద నాచు, మట్టి గట్టి చీపురుతో గీకి కడగండి. పగుళ్లుంటే ముందు అవి పూడ్చాలి, సున్నం తెలుపే ఇస్తుంది గాని కారడం ఆపదు. రాయి సున్నం వాడుతుంటే ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి అందులో కొద్దికొద్దిగా వేయండి, కుతకుతా ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ అయితే కరిగిపోవచ్చు, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి, మీరు కళ్లజోడు పెట్టుకోండి. ఒక రాత్రి నాననిచ్చి, వడకట్టి, పల్చటి పెరుగులా ఉండేలా నీళ్లు కలపండి. ఊరికే రాలిపోకుండా కొంచెం తెల్ల సిమెంటు, కొంచెం ఫెవికాల్ కలుపుతారు. సాయంత్రం ఎండ తగ్గాక, డాబాని తడిపి, ఒక కోటు నిలువుగా, మర్నాడు ఇంకో కోటు అడ్డంగా. మధ్యాహ్నం వేస్తే వెంటనే ఎండిపోయి పొలుసులు లేస్తుంది, మా మొదటి ఏడాది అలాగే పోయింది.

ఇది ఒక్క వానాకాలానికే చాలావరకు పోతుంది, ఏటా వేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే కూల్ రూఫ్ పెయింట్లు దొరుకుతాయి, ఖర్చు చాలా ఎక్కువ, కానీ కొన్నేళ్లు ఉంటాయి. ఏది వేసినా నెలకోసారి దుమ్ము కడగాలి, మాసిన తెలుపు పెద్దగా పనిచేయదు.

3. పడమర గోడకి నీడ ఇవ్వండి

తూర్పు ఎండ పొద్దున్నే వచ్చి పోతుంది. పడమర ఎండ మాత్రం ఇల్లు అప్పటికే కాగి ఉన్నప్పుడు ఏటవాలుగా లోపలికి దూరుతుంది. మా ఇంటికి పడమర వైపు పెద్ద అద్దాల కిటికీ పెట్టించింది నేనే, ఎలివేషన్ బాగుంటుందని. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది కాబట్టి నీడ బయటే పడాలి, అంటే వెదురు తడికో, గ్రీన్ నెట్టో, సజ్జో. చోటుంటే గోడకి కాస్త దూరంగా కానుగ మొక్క.

వట్టివేళ్ల తడికలు, కూలర్లు రాయలసీమలో, తెలంగాణలో పొడిగాలికి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కాకినాడ, విశాఖ వైపు గాల్లోనే తడి ఉంటుంది, అక్కడ ఇంకాస్త తడి చేర్చుకుని లాభం లేదు, ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడేలా చూసుకోవాలి. పొడి ఊళ్లలో అయితే రాత్రంతా కిటికీలు తెరిచి, పొద్దున తొమ్మిదికల్లా మూసేయండి.

4. ఫ్యాన్లు మార్చండి

పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే మోటారుది) 30 దగ్గర. రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకి 20 యూనిట్లు మిగిలినట్టు. నాలుగూ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువ తిరిగే హాల్లోది, బెడ్రూంలోది ముందు. ఏసీ ఉంటే 26లో పెట్టి, పక్కనే ఫ్యాను తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని ఎనర్జీ ఎఫిషియెన్సీ బ్యూరో చెబుతుంది.

5. డాబా నీళ్లు వీధిలోకి వదలకండి

ఇది వేడి సంగతి కాదు, నీళ్ల ఖర్చు సంగతి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు, ఏడాదిలో 900 మిల్లీమీటర్లు కురిస్తే, అయిదో వంతు ఆవిరికీ చిందుకీ పోయినా 67,000 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు! డాబా పైపుని ఇంకుడు గుంతకి కలిపి, గుంతలో అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ముతక ఇసుక నింపండి. సెప్టిక్ ట్యాంకుకి దూరంగా తవ్వాలి. మొదటి వాన మురికి బయటికి పోయేలా పైపుకి ఒక మూత పెట్టించుకోండి.

6. ఇప్పుడు సోలార్

పై పనులయ్యాక వచ్చే బిల్లుని బట్టి సైజు తేల్చుకోండి. ఒక కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, వంద చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. మీకు ఏడాదంతా సున్నా బిల్లే వస్తుంటే సోలార్ మీకు అర్జెంటు కాదు, ఏజెంట్ ఏం చెప్పినా సరే. ప్యానెళ్లని ఏడెనిమిది అడుగుల ఎత్తులో బిగిస్తే కాస్త ఖర్చెక్కువే గాని కింద స్లాబుకి నీడ. మా అమ్మ మాత్రం వడియాలకి ఎండ మిగల్చమని గొడవ పెడితే ఒక మూల వదిలేశాం.

కొత్తగా కడుతుంటే

ఇక్కడ నీడకి విడిగా ఖర్చుండదు, ప్లాన్ గీసేటప్పుడే వచ్చేస్తుంది. స్థలం ఒప్పుకుంటే పొడుగు గోడలు ఉత్తర, దక్షిణాలకి ఉండేలా చూడండి. వాస్తు ప్రకారం మాస్టర్ బెడ్రూం నైరుతిలో పెడతారు, సరిగ్గా మధ్యాహ్నం ఎండంతా తినే మూల అది. మార్చడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు, కాబట్టి గొడవెందుకు, ఆ గదికి పడమర గోడ నిండా అల్మారాలు కట్టించి, కిటికీ దక్షిణానికి పెట్టి లోతైన సజ్జ వేయించండి.

పాల్వంచ, రామగుండం, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం లాంటి థర్మల్ ప్లాంట్ల దగ్గరివాళ్లు బూడిద ఇటుక రేటు కనుక్కోండి, దీన్ని బట్టీలో కాల్చక్కర్లేదు, అంచులు సమంగా వస్తాయి కాబట్టి ప్లాస్టరింగ్ సిమెంటూ కలిసొస్తుంది. ఇటుకని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీయే వేడిని అడ్డుకుంటుంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఇలాంటి ఇళ్లు బోలెడు కట్టారు. మన మేస్త్రీలకి అలవాటు తక్కువ, ముందు కాంపౌండ్ వాల్ మీద ఒక వరస కట్టించి చూడండి.

ఇందిరమ్మ ఇల్లు లాంటి 5 లక్షల సాయంతో కట్టేవాళ్లు విస్తీర్ణం పెంచి అప్పు చేసేకన్నా చిన్నగా కట్టి, పైన ఇంకో అంతస్తు వేసుకునేలా పిల్లర్లు ఇంజనీరుతో లెక్క వేయించుకోవడం మేలు. పునాది, వైరింగ్, స్లాబు దగ్గర మాత్రం రూపాయి తగ్గించకండి. స్లాబు వేశాక మడులు కట్టి నీళ్లు నిలపండి, పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు అయితే ఎండాకాలంలో 14 రోజులు. వారానికే మేస్త్రీ "చాల్లే సార్" అంటాడు, మీరు ఇంకో వారం తడపండి.