పిప్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు: ప్రాజెక్టుల కాలంలో పైథాన్ వాడేవారికి జాగ్రత్తలు

ఇటీవల నాకు తెలిసిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ల్యాప్‌టాప్ నుంచి క్లౌడ్ ఖాతా కీ దొంగల పాలైంది. చాట్‌బాట్ చెప్పిన లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) పేరును ఉన్నదున్నట్టు టెర్మినల్‌లో అతికించి ఎంటర్ నొక్కాడు. ఎర్రర్ ఏదీ రాలేదు. ఆ తర్వాత వాళ్ల నాన్నగారి కార్డు మీద, ఎవరో నడిపిన సర్వర్లకు బిల్లు పడింది. చివరి సంవత్సరం ప్రాజెక్టులకు గడువు దగ్గరపడుతోంది. రాత్రి రెండింటికి, నిద్రమత్తులో, కనిపించిన ప్రతి లైబ్రరీనీ దించుకునే రోజులివి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దు వంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసినంతలో ఎక్కువ మందిని ముంచింది ఒక్కటే తప్పు: లైబ్రరీ పేరును ఊహించి ఇన్‌స్టాల్ చేయడం.

పైథాన్‌లో ఈ తప్పు చాలా సులువుగా జరుగుతుంది. ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేసే పేరు ఒకటి, ఇన్‌స్టాల్ చేయాల్సిన పేరు మరొకటి. సీవీ2 అని ఇంపోర్ట్ చేస్తాం, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఓపెన్‌సీవీ-పైథాన్. పీఐఎల్‌కు పిల్లో, యామల్‌కు పైయామల్, బీఎస్4కు బ్యూటిఫుల్‌సూప్4, ఎస్‌కేలెర్న్‌కు సైకిట్-లెర్న్. మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ రాగానే అందులో కనిపించిన పేరునే, లైబ్రరీలను దించి ఇన్‌స్టాల్ చేసే సాధనమైన పిప్‌కు ఇచ్చేస్తాం. పిప్ లైబ్రరీలను తెచ్చేది పైపీఐ అనే బహిరంగ భాండాగారం నుంచి. అక్కడ ఖాతా ఉన్న ఎవరైనా, ఖాళీగా ఉన్న దాదాపు ఏ పేరుతోనైనా ప్యాకేజీ పెట్టవచ్చు. ముందుగా ఎవరూ చదివి ఆమోదించరు. మీరు ఎక్కడ తడబడతారో తెలిసినవాడు అక్కడే కాచుకుని ఉంటాడు.

2019 డిసెంబరులో పైపీఐ నుంచి తొలగించిన ఒక ప్యాకేజీని చూడండి. జెల్లీఫిష్ అనే మంచి లైబ్రరీ ఉంది. దొంగ ప్యాకేజీ పేరూ అదే, కాకపోతే ఇంగ్లిషులో రెండు చిన్న ‘ఎల్’ అక్షరాల్లో మొదటి దాని స్థానంలో పెద్ద ‘ఐ’ పెట్టారు. చాలా ఫాంట్లలో రెండూ ఒకే నిలువు గీత. ఎంత తేరిపార చూసినా కంటికి ఆనదు. అది దాదాపు ఏడాది పాటు అక్కడే ఉండి ఎస్ఎస్‌హెచ్ (సర్వర్లలోకి లాగిన్ అయ్యే), జీపీజీ (ఫైళ్లను సంతకం చేసి, గుప్తీకరించే) కీలను దొంగిలించింది. తేదీలతో పని చేసే ప్రసిద్ధ లైబ్రరీని పోలిన పేరుతో వచ్చిన మరో దొంగ ప్యాకేజీ దీన్ని వెంటబెట్టుకుని వచ్చేది. అంటే మీరు ఈ పేరు టైపు చేయకపోయినా ఇది మీ ఇంట్లోకి వచ్చేది.

ఇప్పుడు చాట్‌బాట్‌లు తోడయ్యాయి. 2025లో యూసెనిక్స్ భద్రతా సదస్సులో వెలువడిన ఒక అధ్యయనం 16 మోడళ్లతో 5,76,000 కోడ్ నమూనాలు రాయించి చూసింది. అవి సూచించిన ప్యాకేజీల్లో అసలు లేనివి వాణిజ్య మోడళ్లలో సగటున కనీసం 5.2 శాతం, ఓపెన్ సోర్స్ మోడళ్లలో 21.7 శాతం. లేని పేరునే మళ్లీ మళ్లీ చెబుతుంటే, ఆ పేరును ముందే నమోదు చేసుకోవడం దొంగకు ఎంత పని? కాబట్టి మళ్లీ చెబుతున్నాను: పేరును ఊహించకండి, చాట్‌బాట్ ఊహనూ నమ్మకండి. లైబ్రరీ అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి, అక్కడి ఇన్‌స్టాల్ కమాండునే కాపీ చేసుకోండి. పైపీఐ పేజీలో సోర్స్ కోడ్ లింకు ఉందో లేదో, తొలి విడుదల ఎప్పటిదో చూడండి. పదేళ్ల లైబ్రరీ నిన్ననే పుట్టినట్టు కనిపిస్తే ఆగిపోండి.

“ఇన్‌స్టాల్ చేసి చూద్దాం, నచ్చకపోతే తీసేద్దాం” అనేవారికి ఒక మాట. సోర్స్ రూపంలో వచ్చే ప్యాకేజీలోని సెటప్ ఫైలు ఇన్‌స్టాల్ సమయంలోనే నడుస్తుంది, అదీ మీకున్న అన్ని అనుమతులతో. ఇంపోర్ట్ చేయకపోయినా పని జరిగిపోతుంది.

పేరు సరైనదైనా, అది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. 2022 డిసెంబరు 25 నుంచి 30 మధ్య మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ నైట్లీ (రోజూ వచ్చే పరీక్షా) వెర్షన్‌ను లినక్స్‌లో పిప్‌తో వేసుకున్నవారికి టార్చ్‌ట్రిటాన్ అనే నకిలీ ప్యాకేజీ వచ్చింది. అసలుది పైటార్చ్ వారి సొంత ఇండెక్సులో (ప్యాకేజీల భాండాగారంలో) ఉంది, అదే పేరుతో ఎవరో పైపీఐలో మరొకటి పెట్టారు. అది ఎస్ఎస్‌హెచ్ కీలతో పాటు హోమ్ ఫోల్డరులోని మొదటి వెయ్యి ఫైళ్లను బయటికి పంపేలా రాసినది. మీ కంపెనీకి సొంత ఇండెక్సు ఉంటే పిప్‌లోని ‘ఎక్స్‌ట్రా ఇండెక్స్ యూఆర్ఎల్’ ఆప్షన్ వాడకండి. అది వాడితే పిప్ మీ ఇండెక్సులోనూ, పైపీఐలోనూ వెతుకుతుంది, పెద్ద వెర్షన్ అంకె ఉన్నదాన్ని తెస్తుంది.

ఇక మిగిలినవి.

ప్రతి ప్రాజెక్టుకూ వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలకే ప్రత్యేకమైన చోటు) పెట్టుకోండి. లైబ్రరీల గొడవ తప్పుతుంది, అంతే. దొంగ కోడ్‌ను అది ఆపదు.

సుడోతో, అంటే అడ్మిన్ అధికారాలతో, పిప్ నడపవద్దు. ఎప్పుడూ.

వెర్షన్లను, వీలైతే హ్యాష్‌లతో (ఫైలు మారిందో లేదో తేల్చే వేలిముద్రలతో) సహా, రిక్వైర్‌మెంట్స్ ఫైలులో, అంటే ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీల జాబితాలో, బిగించండి.

కొత్త వెర్షన్ వచ్చిన గంటలోనే ఎగబడకండి. 2024 డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే లైబ్రరీ 8.3.41, 8.3.42 వెర్షన్లలో క్రిప్టో మైనింగ్ కోడ్ దూరింది. పేరు అసలుదే, లైబ్రరీ అసలుదే. కొన్ని రోజులు ఆగినవారికి ఏమీ కాలేదు.

తెలియనివారు పంపిన పికిల్ ఫైలు (పైథాన్ డేటాను దాచే ఫైలు) తెరవకండి. తెరవడమంటే వాళ్ల కోడ్ నడపడమే.

యామల్ (సెట్టింగులు రాసే) ఫైళ్లు చదవడానికి సేఫ్ లోడ్ ఫంక్షన్. ఇంకేదీ వద్దు.

మీరే ప్యాకేజీ ప్రచురిస్తుంటే, పైపీఐ పేరుతో వచ్చే మెయిల్‌లోని లింకు నొక్కకండి. 2025 జులైలో వచ్చిన మోసపు మెయిళ్లలో చిరునామా చివరి ‘ఐ’ స్థానంలో ‘జె’ ఉంది. అదే ఎత్తు, పేరుతోనే.

కీలు కోడ్‌లో రాయకండి. గిట్‌లోకి ఎక్కించకండి.

నడిరాత్రి, నిద్రమత్తులో కొత్త లైబ్రరీ వద్దు. తెల్లవారనివ్వండి.

పేరు మళ్లీ చదవండి. అక్షరం అక్షరం.

ఒకవేళ దొంగ ప్యాకేజీ వేసుకున్నట్టు తేలితే, అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకండి. ముందు నెట్ తీసేయండి. వేరే కంప్యూటర్ నుంచి ఆ యంత్రంలో ఉన్న ప్రతి కీనీ రద్దు చేసి కొత్తవి తీసుకోండి: క్లౌడ్, గిట్, ఎస్ఎస్‌హెచ్, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, అన్నీ. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ ఫార్మాట్. మీ ప్రాజెక్టు భాగస్వాములకూ ఆ రోజే చెప్పండి, అదే రిక్వైర్‌మెంట్స్ ఫైలు వాళ్ల దగ్గరా ఉంటుంది.