పంచెకట్టు నేర్చుకుందాం – 3వ పాఠం: గోచి పోయడం

పోయిన పాఠంలో అడ్డపంచె కట్టుకుని రోజూ ఇంట్లో కాసేపు తిరగమన్నాను కదా, అలా తిరిగినవాళ్ళకి నడుం దగ్గర పట్టు ఎంత ఉండాలో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. తిరగనివాళ్ళు ఇంకో రెండు రోజులు అదే చెయ్యండి, ఎందుకంటే గోచి పోసి కట్టే పంచెకీ ఆధారం ఆ పట్టే.

అడ్డపంచెకి నాలుగు మూరలు చాలు. దీనికి ఎనిమిది మూరలది కావాలి, అంటే మూడున్నర మీటర్ల పైచిలుకు. కొత్త పంచెతో మాత్రం నేర్చుకోవద్దు, ఆ బిరుసుకి మడత నిలవదు. నాలుగు ఉతుకులు పడ్డ నూలు పంచె తీసుకోండి, పొందూరు ఖద్దరో మంగళగిరి పంచో ఉంటే చెయ్యి తిరిగాక కట్టుకుందురుగాని.

కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడండి. పంచెని వెనకనుంచి తెచ్చి, రెండు చేతుల వైపూ సమానంగా వచ్చేలా పట్టుకుని, బిగుతుగా లాగి, పై అంచులు రెండూ కలిపి బొడ్డు దగ్గర ఒక ముడి వెయ్యండి. కింది అంచు నేలకి తగులుతుంటే పైన ఒక మడత వేసుకోవచ్చు. కడుపు బిగబట్టి కట్టకండి, భోజనం అయ్యాక ఊపిరాడదు. మా తాతయ్య నాకు కట్టడం నేర్పినప్పుడు ముడి వెయ్యగానే నడుం పక్కన తన రెండు వేళ్ళు దూర్చి చూసేవారు. మూడో వేలు కూడా పట్టిందంటే విప్పేసి మళ్ళీ కట్టమనేవారు. ఇప్పటికీ నాకు అదే కొలత.

ఇప్పుడు ముందు రెండు కొసలు వేలాడుతుంటాయి. బర్మాలో కట్టే లుంగీని చుట్టూ కలిపి కుట్టేస్తారు కాబట్టి దానికి విడి కొసలు ఉండవు. మన పంచెకి ఉండబట్టే గోచి పోయడం కుదిరింది, గోచి పోస్తే పొలంలో వంగినా, గట్టు దాటినా కాలికి అడ్డం రాదు.

ఎడమ కొస నిలువు అంచు పట్టుకుని నాలుగు వేళ్ళ వెడల్పున కుచ్చిళ్ళు పెట్టండి, వాటిని చెదరకుండా కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసుకెళ్ళి, వెన్నుపూస మీదుగా నడుంలోకి దోపండి. దోపే ముందు ఒక్కసారి మోకాళ్ళు వంచి సగం కూర్చోండి. అప్పుడు ఎంత గుడ్డ కావాలో అదే లాక్కుంటుంది. ఈ పని చెయ్యకుండా నిలబడే బిగించి దోపేస్తారు చాలామంది, పీటల మీద కూర్చోగానే వెనక గోచి ఊడి వచ్చేస్తుంది, ఇక పెళ్ళంతా టెన్షనే.

కుడి కొస తేలిక. కొస నుంచి బొడ్డు వైపుకి కుచ్చిళ్ళు పెట్టుకుంటూ వచ్చి, అంచు పైకి కనబడేలా సర్ది, ముడి మీదుగా లోపలికి దోపండి.

పిల్లల పంచెల ఫంక్షన్లకి వెల్క్రో అతికించిన రెడీమేడ్ పంచెలు తెస్తున్నారు. ఇక్కడా అంతే, అమెరికాలోనూ అంతే. వారం ముందు మేనమామో తాతో దగ్గర కూర్చుని నేర్పితే పన్నెండేళ్ళ పిల్లాడికి వచ్చేస్తుంది, దయచేసి నేర్పండి.

ఇక అభ్యాసం. కట్టుకున్నాక నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవండి, ఐదుసార్లు. తర్వాత మెట్లెక్కి దిగండి. గోచి ఊడితే బిగువు ఎక్కువైనట్టు, కుచ్చిళ్ళు పక్కకి జరిగితే నడుం వదులైనట్టు. పిన్నీసు పెట్టకండి, విప్పి మళ్ళీ కట్టండి. వచ్చే పాఠానికి ఉత్తరీయం కూడా తీసి ఉంచుకోండి.