టెండన్ నొప్పితో ఆడుతున్నారా? ప్రాక్టీస్‌కి ముందు ఏం తింటున్నారో చూసుకోండి

పొద్దున్నే ఖాళీ కడుపుతో, మహా అయితే ఒక కప్పు టీ తాగి షటిల్ కోర్టుకో గ్రౌండుకో వెళ్లి, రెండు గంటలు ఆడి, ఇంటికొచ్చాక తినేవాళ్లు మనలో చాలామంది. కండలకి దీనివల్ల పెద్ద నష్టం ఉండదు, తర్వాత తిన్నా అవి కోలుకుంటాయి. కానీ కండని ఎముకకి కలిపే తాళ్లలాంటి టెండన్లు, ముఖ్యంగా మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్, మోకాలి చిప్ప కింద ఉండే పటెల్లార్ టెండన్ సంగతి వేరు. వాటికి రక్తసరఫరా బాగా తక్కువ. తడిగుడ్డని పిండేసి మళ్లీ నీళ్లలో వేస్తే పీల్చుకున్నట్టు, బరువు పడి తీసేసినప్పుడల్లా అవి చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుంటాయని పరిశోధకుల అంచనా. అంటే కావాల్సిన సరుకు ఆట మొదలయ్యే సరికే రక్తంలో ఉండాలి.

2017లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌కి చెందిన కీత్ బార్ బృందం ఇదే చూసింది. 15 గ్రాముల జెలటిన్, దాంతోపాటు విటమిన్ సి తాగించి, గంట తర్వాత 6 నిమిషాలు స్కిప్పింగ్ చేయిస్తే, కొల్లాజెన్ (టెండన్లలో ప్రధానంగా ఉండే ప్రొటీన్, జెలటిన్ వచ్చేదీ దాన్నుంచే) తయారీని చూపించే గుర్తు రక్తంలో రెట్టింపయింది. చూసింది 8 మంది కుర్రాళ్లనే, కొలిచింది కూడా టెండన్‌లో కాదు, రక్తంలో. అందుకని దీన్ని మందు అనుకోవద్దు. ఖర్చు తక్కువ కాబట్టి ప్రయత్నించి చూడొచ్చని మాత్రం నేను గట్టిగా చెబుతాను.

చేసుకోవడం తేలికే. కేకుల సామాను అమ్మే షాపులో తీపీ ఫ్లేవరూ లేని జెలటిన్ పొడి దొరుకుతుంది. 15 గ్రాములు కాసిని చల్లటి నీళ్లలో చల్లి, ఐదు నిమిషాలు నాని ఉబ్బాక వేడినీళ్లు పోసి కలిపితే కరిగిపోతుంది. పూర్తిగా చల్లారితే గడ్డకడుతుంది కాబట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడే నిమ్మరసం పిండుకుని తాగేయండి. నిమ్మకాయ ఒక్కటే చాలకపోవచ్చు, ఒక జామకాయ కూడా తింటే విటమిన్ సికి లోటుండదు. గంట తర్వాత వ్యాయామం. నొప్పి ఉన్నవాళ్లు స్కిప్పింగ్ బదులు ఫిజియో చెప్పిన హీల్ రైజులు (మడమలు పైకెత్తి దించడం) నిదానంగా చెయ్యండి, ఎందుకంటే టెండన్‌ని బాగుచేసేది ప్రధానంగా ఆ బరువే, తిండి దానికి తోడు మాత్రమే.

జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది, ఏ పశువుదో డబ్బా మీద చూసుకోండి. శాకాహారులు దాని బదులు చైనా గ్రాస్ వాడితే ఉపయోగం లేదు, అది సముద్రపు నాచు, అందులో ప్రొటీన్ దాదాపు ఉండదు. పాయా చల్లారాక గడ్డకట్టేది జెలటిన్ వల్లే, హాయిగా తినండి, కాకపోతే గిన్నెకి ఎంత వస్తుందో లెక్క దొరకదు.

అసలు చాలామందికి తగ్గేది మొత్తం ప్రొటీనే. సీరియస్‌గా ఆడేవాళ్లకి రోజుకి కిలో బరువుకి 1.4 నుంచి 2 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి కనీసం 84 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే, ఇక రెండు పూటలా పప్పన్నం, చారుతో అది ఎక్కడికి వస్తుంది? 50 గ్రాముల మీల్ మేకర్‌లో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. దానికి పెరుగు, పల్లీలు, శనగలు చేర్చుకోండి. బరువు కేటగిరీ కోసం కడుపు మాడ్చుకునే ఆటగాళ్లకి ఇంకో మాట: తిండి చాలకపోతే శరీరం మరమ్మతులు ఆపేస్తుంది, అమ్మాయిలకి పీరియడ్స్ ఆగిపోయాయంటే అది ఫిట్‌నెస్ కాదు, డాక్టర్‌కి చూపించాల్సిన విషయం.

రెండు మడమల్లోనూ నొప్పి నెలల తరబడి తగ్గకపోతే షుగర్, కొలెస్ట్రాల్ టెస్టులు చేయించండి. షుగర్ ఎక్కువుంటే కొల్లాజెన్ బిరుసెక్కుతుంది, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకి అకిలిస్ మీదే గడ్డలు కట్టొచ్చు. మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకునే అలవాటుంటే మానండి, ఆ రకం యాంటీబయాటిక్స్‌తో టెండన్ తెగే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఆడుతుండగా మడమ వెనక ఎవరో తన్నినట్టు 'ఠప్'మని, మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం ఈ చిట్కాలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.