కణాన్ని చూపించడానికి రియో ఆకు

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో దారి పక్కన కత్తుల్లా నిలబడి, పైన ఆకుపచ్చగా, అడుగున ఊదారంగులో ఉండే మొక్క చూసే ఉంటారు. అదే రియో. పిల్లలకు కణం చూపించాలంటే ఉల్లిపొర కన్నా ఇదే మేలు, రంగు వేసే పనే లేదు.

ఆకును ఏటవాలుగా చింపండి. అంచున వేలాడే పల్చటి ఊదా పొరను స్లైడు మీద నీటిచుక్కలో పెట్టండి. కాగితంతో చేసే సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ చాలు, అది 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఊదారంగు ఉన్నది రిక్తికలో, అంటే కణం లోపల రసం నిండిన సంచిలో. మధ్యమధ్య జంటగా కనిపించే పచ్చటివి ఆకు రంధ్రాలను తెరిచి మూసే రక్షక కణాలు, ఆ పచ్చదనం హరితరేణువులది.

అసలు మజా తర్వాత ఉంది. అర గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు కలిపి, స్లైడు అంచున ఒక చుక్క వేయండి. కొన్ని నిమిషాల్లో నీరు బయటికి పోయి ఊదా భాగం ముడుచుకుంటుంది, కణం బయటి గట్టి గోడ అయిన కణకవచం మాత్రం కదలదు. కవచం వేరు, దాని లోపలి పల్చటి ప్లాస్మా పొర వేరు అని పాఠంలో ఎంత చెప్పినా ఎక్కనిది ఇక్కడ కళ్లకు కడుతుంది. వెంటనే మంచినీళ్లు వేస్తే చాలావరకు మళ్లీ ఉబ్బుతుంది.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కోసం వెతక్కండి, ఫోల్డ్‌స్కోప్‌లో కనిపించదు. రియో రసం కొందరికి దురద పెడుతుంది, చేతులు కడిగించండి.